అసలు, వడ్డీ

పోయిన నెల ఫోన్లో చూశాను మలయాళం.
మొన్న శనివారం గాంధీనగర్లో దాని తెలుగు.

మలయాళంలో ఆ తండ్రి
కొడుకు జైలు నుంచి వచ్చిన రాత్రి
ఏమీ అనడు.
చేపముక్కలో ముల్లు తీసి
వాడి కంచంలో పెడతాడు.
అంతే.
నేను ఫోను బోర్లించి
కాసేపు ఫ్యాను చూస్తూ పడుకున్నాను.

తెలుగులో అదే తండ్రి
పేజీన్నర మాట్లాడాడు.
ముల్లు తీయలేదు, అసలు చేపే లేదు.
కోడి వచ్చింది, కోడి వెనక పాట వచ్చింది,
పాటలో యాభై మంది వచ్చారు,
ఎవరి కొడుకులో వాళ్ళంతా.
నా వెనక సీట్లో ఒకాయన ఏడ్చిన మాట మాత్రం నిజం.
నిజం కాబట్టి రాస్తున్నాను.

తమిళం నుంచి వచ్చింది ఇంకోటి.
అక్కడ చెప్పు తెగితే ఆ పిల్ల
చెప్పు చేత్తో పట్టుకుని ఇంటిదాకా నడుస్తుంది.
ఇక్కడ తెగీ తెగకముందే కారొచ్చి ఆగింది.
పోనీలే, మే నెల బెజవాడ రోడ్డు మీద తీసుంటారు,
కాళ్ళు కాలతాయని జాలిపడుంటారు.

హిందీది:
మొదటిదే బాలేదు.
రెండోది ఇంకా శ్రద్ధగా బాలేదు.

కన్నడం దాని దగ్గర మాత్రం తల వంచాలి.
అక్కడ అత్తది ఉత్త కోపం.
ఇక్కడ ఆ వేషం కట్టినావిడ ఎవరో,
పేరు చదివేలోగా తెర మీంచి పోయింది,
కోడల్ని తిట్టి తిట్టి, గుక్క తిప్పుకుని,
అదే గొంతుతో
"తిన్నావా?" అంది.
ఇంటికెళ్ళి అసలుది వెనక్కి తిప్పి తిప్పి చూశాను.
ఆ మాట లేదందులో.

ముప్పై ఏళ్ళు పంపిణీ ఆఫీసులో
కలెక్షన్ల పద్దు రాసిన చెయ్యి ఇది.
అసలేదో వడ్డీ ఏదో
చీకట్లో కూడా చెప్పగలననుకున్నాను.

నిన్న బుధవారం.
బుధవారాలు నేను వించిపేట వెళ్తాను,
మస్తాన్ వలీ దగ్గరికి.
కార్బన్ కడ్డీల మంట పక్కన
సగం బతుకు నిలబడ్డ ఆపరేటరు.
ఇప్పుడు షుగరు రెండు కళ్ళూ పట్టుకుపోయింది.
"చెప్పు పున్నారావ్" అంటాడు,
టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని.

మలయాళం మొదలెట్టాను.
కొడుకు తలుపు కొట్టాడు, తండ్రి తీశాడు,
ఇద్దరూ కూర్చున్నారు, ఏమీ అనడు, అన్నాను.
"ఊఁ. అనకుండా?"

అనకపోవడాన్ని ఎట్టా చెప్పను?
తెర మీద అది నిమిషం.
నా నోట్లో రెండు ముక్కలు.
వలీ ముఖం ఇంకా ఎత్తే ఉంది,
నేను ఆపేశానేమో అనుకుంటున్నట్టుగా.

"చిక్కిపోయావురా" అన్నాడని చెప్పాను.
"మీ అమ్మ ఉంటే..." అన్నాడని చెప్పాను.
వాన లేదు, కురిపించాను.
కరెంటు పోలేదు, తీశాను.
ఏం చేప అంటే
కొర్రమీను అన్నాను.

"కొర్రమీనుకి ముళ్ళెక్కడివిరా అన్నేసి?"
"పులస అనుకో."
"జైలు నుంచొచ్చినోడి ఇంట్లో పులసా!
ఆ డబ్బుతో లాయర్ని పెట్టుకోకపోయాడా?"
ఇద్దరం బొచ్చె దగ్గర రాజీపడ్డాం.

తర్వాత వలీ చాలాసేపు మాట్లాడలేదు.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
గ్లాసు అంచు మీంచి
సన్నటిదేదో లాగి
పక్కన పెట్టాడు.

"బానే ఉంది గానీ
ఆ తండ్రి మాటలు నువ్వు రాసినయ్యే కదూ?"
వాళ్ళ నస్రీన్ లోపలి నుంచి నవ్వింది.
"వచ్చే బుధవారం తెలుగుది చెప్పు.
వాళ్ళెంత పెట్టారో, నువ్వెంత పెడతావో చూద్దాం."

తిరిగొచ్చే బస్సులో, కాలవ వంతెన దాటుతుంటే,
"మీ అమ్మ ఉంటే" తీసేశాను.
"చిక్కిపోయావురా" ఉంచాను.
వాన సంగతి
ఇంకా తేల్చుకోలేదు.